హెడ్‌లైట్లు పచ్చబడితే పేస్టు రుద్దితే పోతుందా?

పన్నెండేళ్ళ కారుకి హెడ్‌లైట్ల అద్దాలు పసుపు రంగుకి తిరిగాయి, పళ్ళపేస్టు రుద్దితే చాలా, కొత్తవి కొనాలా అని అడిగారు. పేస్టుతో పోతుందండీ. కొన్నాళ్ళు సంబరపడొచ్చు. తర్వాత మళ్ళీ పచ్చబడుతుంది. నేను ఒక ట్యూబు ఖాళీ చేసి మరీ తెలుసుకున్నాను.

అసలు నాకు కళ్ళు తెరిపించింది మా మామగారు. అమరావతి గుడికి వెళ్ళి, చీకటిపడ్డాక కరకట్ట మీదుగా ఉండవల్లి వైపు వస్తున్నాం. ఆయన ముందు సీట్లో కూర్చుని చాలాసేపు రోడ్డు వంక చూసి, "అల్లుడుగారూ, లైట్లు వేశారా?" అన్నారు. వేశానండీ, హైబీమే అన్నాను. ఆయనేమీ అనలేదు. రెండు నిమిషాలకి ఎదురుగా రెండు కళ్ళు మెరిశాయి, వాటి వెనక గేదె. బ్రేకు తొక్కితే వెనక సీట్లో ప్రసాదం పులిహోర మా ఆవిడ ఒళ్ళో పడింది. ఇంటికొచ్చేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు చూస్తే కుడి లైటు నేతిసీసా అడుగులా ఉంది, ఎడమది మాత్రం బాగానే ఉంది. ఎందుకంటే మాది సత్యనారాయణపురంలో ఇరుకు సందు. కారు ఇంటి గోడవారగా, పడమటి ముఖంగా పెడతాను. ఎడమ లైటు మీద వేపచెట్టు నీడ పడుతుంది, కుడిదానికి సాయంత్రం దాకా బెజవాడ ఎండ. ఈ అద్దం అద్దం కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. పైన పల్చటి కోటింగు వేసి ఇస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి ముందు ఆ కోటింగు పాడై, తర్వాత ప్లాస్టిక్కే పచ్చబడుతుంది. అంబాసిడర్లకి నిజంగా గాజే ఉండేది, ఈ గొడవ లేదు. లైటు తగ్గిందని ఎక్కువ వాట్ల బల్బులు వేయించే మహానుభావులున్నారు చూశారూ, మసకబారిన అద్దం వెనక ఎంత వెలుగు పెట్టినా అది చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. వారధి మీద రోజూ వాళ్ళతోనే నా ప్రాణం తీపి తెలుస్తోంది.

పేస్టు ముచ్చట తీరాక జవహర్ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వంగి, బానెట్ సందులో గోటితో గీకి వాసన చూశాడు. "పుదీనా పేస్టా బాబూ?" అన్నాడు. పక్కన కుర్రాళ్ళు ఒకటే నవ్వు.

చుట్టూ పెయింటుకి తగలకుండా టేపు అంటించి, వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, సబ్బునీళ్ళలో ముంచి మొదలుపెట్టాడు. ముందు 800 నంబరు, తర్వాత 1000, 1500, చివరికి 2000; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. మొదట కారిన నీళ్ళు మజ్జిగలో పసుపు కలిపినట్టున్నాయి. పసుపు పోయి తెల్లగా దిగేదాకా పేపరు మార్చలేదు. అప్పటికి లైటు బాత్రూం కిటికీ అద్దంలా తయారైంది. ఉన్నదీ పోయిందనుకుని నాకు టెన్షన్. కాంపౌండు అనే పాలిష్ ముద్ద పెట్టి బఫింగ్ మెషీను తిప్పేసరికి లోపలి బల్బు కనబడింది. మెషీను ఒకేచోట ఆపితే వేడికి ప్లాస్టిక్ కరుగుతుందట, ఆయన చెయ్యి ఒక్కక్షణం నిలవలేదు.

"దీనిమీద క్లియర్ కొట్టించుకో, లేకపోతే మళ్ళీ వస్తావు" అన్నాడు. క్లియర్ అంటే రంగులేని పైపూత. డబ్బులు గుంజడానికే అనుకున్నాను. పాత కోటింగు మొత్తం గీకేశాక ఆ ప్లాస్టిక్ ఒంటిమీద గుడ్డలేని మనిషిలాంటిదని అప్పుడు తట్టలేదు. మరుసటి ఎండాకాలం దాటకుండానే మళ్ళీ పచ్చబడితే వెళ్ళాను. ఈసారి హార్డెనర్, అంటే పూతని గట్టిపరిచే మందు, కలిపిన క్లియర్ కోటు రెండుసార్లు కొట్టించాను. ఆ పని ఇంట్లో పెట్టుకోకండి, దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, సరైన మాస్కు కావాలి. క్లియర్ వద్దనుకుంటే కారు పెయింటు కాపాడటానికి వేసే పారదర్శకమైన పీపీఎఫ్ ఫిల్మ్ అంటించుకోవచ్చు. దోమలమందు స్ప్రే కొడితే మెరుస్తుందని వీడియోల్లో చెబుతారు, దాని జోలికి వెళ్ళకండి, ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

మీరు డబ్బు పెట్టేముందు లైటు మీద చెంబుడు నీళ్ళు పోసి చూడండి. తడిగా ఉన్నంతసేపు తేటగా కనిపిస్తే లోపం పైపైనే, రుద్దితే పోతుంది. తడిపినా మసగ్గానే ఉంటే లోపల చెమ్మ చేరిందో, బల్బు వెనక వెలుగుని ముందుకి తిప్పే రిఫ్లెక్టర్ మాడిందో. అప్పుడు ఎవరు రుద్దినా దండగ, కొత్తది కొనుక్కోండి.

నాది రెండు ఎండాకాలాలు దాటింది, కుడి లైటు ఇంకా తేటగానే ఉంది. ఎడమదానికి కూడా క్లియర్ వేయించమని మేస్త్రి చెప్పాడు. దానికేం, నీడలో ఉంటుందిగా అన్నాను. మొన్న తీగలకి తగులుతున్నాయని వేపకొమ్మలు మొదలంటా కొట్టేశారు.