టాయిలెట్ అలవాటు నేర్పడానికి బిడ్డ సిద్ధమైనట్లు ఎలా తెలుస్తుంది?

20 నెలల బాబుకు ఇప్పుడే మొదలుపెట్టవచ్చా అని అడిగారు. వయసు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. చాలామంది పిల్లల్లో సంసిద్ధత 18 నుంచి 30 నెలల మధ్య కనిపిస్తుంది. సుమారు 2 గంటలపాటు డైపరు పొడిగా ఉండటం, పగటి నిద్ర నుంచి తడపకుండా లేవటం, మలవిసర్జనకు ముందు తలుపు చాటుకో మంచం పక్కకో వెళ్లి నక్కటం, తడిసిన నిక్కరు చూపించి విప్పమనటం వంటివి కొన్ని కలిసి కనిపిస్తే, తన శరీరం ఇచ్చే సూచన బిడ్డకు అర్థమవుతోందని గ్రహించవచ్చు. తానే నడిచి వెళ్లి కూర్చుని లేవగలగాలి, చిన్న చిన్న మాటలు విని చేయగలగాలి.

కోనసీమ ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు నెలల పిల్లలను కాళ్లపై కూర్చోబెట్టుకుని మూత్రం పోయిస్తుంటారు. అది మంచి అలవాటే గాని, అక్కడ వేళ కనిపెట్టేది పెద్దవారు. బిడ్డ తనంతట తాను చెప్పటం వేరు. డెల్టాలో ముసురు పట్టిన రోజుల్లో బట్టలు ఆరవు కనుక, వీలైతే వేసవిలో మొదలుపెట్టడం తేలిక. మలబద్ధకం ఉంటే ముందు వైద్యునికి చూపించండి. నొప్పికి భయపడి బిగబట్టే బిడ్డను బలవంతంగా కూర్చోబెడితే భయం మరింత పెరుగుతుంది. రాత్రిపూట పక్క తడపటం 5 ఏళ్ల వరకు సహజమే.