యాంటీవైరస్ కొనే ముందు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చి.ల.సౌ. సుజాతకు,

చిన్న మావయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. కంప్యూటర్ అమ్మినతను మూడేళ్ల ‘టోటల్ సెక్యూరిటీ’ ప్యాక్ ఒకటి చేతిలో పెట్టి, ఇది వేయకుండా నెట్ బ్యాంకింగ్ జోలికి వెళ్లొద్దన్నాడని రాశావు. ఆ డబ్బా సీలు మాత్రం తియ్యకు. కంప్యూటర్లో ఇప్పటికే ఏముందో ముందు చూడు, దాన్ని ఉంచుకోవాలో వెనక్కి ఇచ్చెయ్యాలో ఆ తర్వాత నువ్వే తేల్చుకోగలవు. ఫోన్లో చెప్పాలంటే మెనూల పేర్లన్నీ మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

విండోస్ 10లోనూ 11లోనూ యాంటీవైరస్, ఫైర్‌వాల్ రెండూ దాంతోపాటే వస్తాయి. యాంటీవైరస్ పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. ఒకప్పుడు సర్వీసింగ్ చేసేవాళ్లం దాని పేరు చెబితే నవ్వేవాళ్లం. ఇప్పుడు నవ్వే పరిస్థితి లేదు. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారటివ్స్ అని రెండు ల్యాబులున్నాయి, వాటి పనే యాంటీవైరస్‌లను పరీక్షించి మార్కులు వెయ్యడం. కొన్నేళ్లుగా ఆ పరీక్షల్లో డిఫెండర్, డబ్బు పెట్టి కొనేవాటి సరసనే నిలబడుతోంది.

స్టార్ట్ నొక్కి ‘విండోస్ సెక్యూరిటీ’ అని టైప్ చెయ్యి. ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ లోపలికి వెళ్తే అక్కడ ఏ యాంటీవైరస్ పనిచేస్తోందో ఉంటుంది. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఏదో ఒక కంపెనీ యాంటీవైరస్‌ని ట్రయల్‌గా, అంటే కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడమని, వేసే పంపిస్తారు. అది ఉన్నంతసేపూ డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. అందుకని ట్రయల్‌ని ఉంచి దానిమీద ఇంకోటి వెయ్యకు. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, డిఫెండర్ మళ్లీ పని మొదలుపెట్టిందో లేదో చూడు. ‘రియల్ టైమ్ ప్రొటెక్షన్’, ‘టాంపర్ ప్రొటెక్షన్’ రెండూ ఆన్‌లో ఉండాలి.

అదే చోట కాస్త కిందికి వస్తే ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఒకటుంటుంది. జనం చూడనిది ఇదే. ఫలానా ఫోల్డర్ జోలికి పోవద్దని యాంటీవైరస్‌కి చెప్పే జాబితా అది. మామూలు ఇంట్లో ఖాళీగా ఉండాలి. అల్లుడు ఇంట్లో డీటీపీ పని చేస్తాడు కదా, అతన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడు. మన వైపు తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్లకీ, పేజీలు కట్టే ప్రోగ్రాములకీ క్రాక్ కాపీలు, అంటే లైసెన్సు లేని దొంగ కాపీలు, చేతులు మారుతూనే ఉంటాయి. వాటితో వచ్చే కాగితంలో మొదటి మాట ‘యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చెయ్యండి’ అనే ఉంటుంది. వేసిపెట్టినవాడు పని తేలిగ్గా అవుతుందని ఏకంగా సీ డ్రైవ్ మొత్తాన్ని ఆ జాబితాలో పెట్టి పోతాడు. ఇక డిఫెండర్ ఉన్నా లేనట్టే. నన్నడిగితే ఆ మూడేళ్ల ప్యాక్ డబ్బు అల్లుడి సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి పెట్టడం మేలు.

పనిచేస్తోందని నమ్మకం కుదరాలంటే ఒక ఉపాయం ఉంది. ఐకార్ అనే సంస్థ వాళ్ల సైట్లో ఒక పరీక్ష ఫైలు ఉంటుంది. 68 అక్షరాల చిన్న ఫైలు, ఎవరికీ హాని చెయ్యదు. దాన్ని చూడగానే వైరస్ దొరికినట్టే అరవాలని యాంటీవైరస్ కంపెనీలన్నీ ఒప్పుకున్నాయి. డౌన్‌లోడ్ చేసి చూడు. కిమ్మనకుండా ఊరుకుందంటే ఎక్కడో ఏదో ఆపేసి ఉందన్నమాట.

మీ మామగారి పాత కంప్యూటర్ సంగతి వేరే. అందులో విండోస్ 10 ఉందన్నావు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా నడుస్తుంది. ఆ తర్వాత కూడా డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల జాబితా వస్తూనే ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ విండోస్‌లో బయటపడే కంతలు మాత్రం పూడవు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడుగుతూ, ప్రపంచాన్ని కుదిపేసింది గుర్తుందా? మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ కంతని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్ల కంప్యూటర్లలోకి అది ఆ దారిన దూరలేకపోయింది. అందుకే అప్‌డేట్లు ఆగిపోయిన కంప్యూటర్‌కి యాంటీవైరస్ కొనమని నేనెవరికీ చెప్పను. దాన్ని విండోస్ 11కి మార్చడం కుదురుతుందేమో చూడండి, కుదరకపోతే బ్యాంకు పనులు కొత్తదాంట్లోనే చేసుకోమని ఆయనకి నచ్చజెప్పు.

సరే, ఎంత చెప్పినా కొనాలనే ఉందనుకో. అట్ట మీద ఉండే ‘టోటల్’, ‘అల్టిమేట్’ అనే మాటలు చూడకు. ఆ ఎక్కువ డబ్బుకి వచ్చేవి నెట్‌లో మన జాడ దాచే వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్, కంప్యూటర్ని ‘క్లీన్’ చేసే బొమ్మ ఒకటి. వైరస్‌ని పట్టే ఇంజన్ చాలా కంపెనీల్లో చిన్న ప్యాక్‌లోనూ పెద్ద ప్యాక్‌లోనూ అదే. పైన చెప్పిన రెండు ల్యాబుల తాజా ఫలితాల్లో పట్టుకోవడంతోపాటు రెండు అంకెలు చూడు: కంప్యూటర్ని ఎంత నెమ్మది చేస్తుంది, మంచి ఫైళ్లని వైరస్ అని ఎన్నిసార్లు పొరబడుతుంది. మనదేశపు కంపెనీలూ ఉన్నాయి, పుణె నుంచి క్విక్ హీల్, చెన్నై నుంచి కే7. కొనడానికి ముందు ట్రయల్ వేసి వారం వాడి చూడు.

మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకు, రెండో ఏడాది ధర అడుగు. కార్డుతో ఆన్‌లైన్లో కొంటే ఆటో రెన్యువల్ టిక్ పెట్టే ఉంటుంది. డబ్బు కోసుకునే ముందు, కనీసం 24 గంటల ముందు, బ్యాంకు మెసేజ్ పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్ వచ్చినప్పుడు ఆపేసుకోవచ్చు, కాకపోతే మనవాళ్లు బ్యాంకు మెసేజ్ చదివితే కదా!

ఉచితంగా ఇచ్చేవాళ్లని ఇంకొంచెం అనుమానంగా చూడు. అవాస్ట్ వాళ్లు తమ వినియోగదారులు ఏ సైట్లు చూస్తున్నారో ఆ వివరాలు జంప్‌షాట్ అనే తమ అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకున్నారని 2020లో బయటపడింది. 2024లో అమెరికా వాణిజ్య కమిషన్ కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టించింది. యాంటీవైరస్ అంటే కంప్యూటర్లో ప్రతి ఫైలునీ తెరిచి చూసే అధికారం ఉన్న ప్రోగ్రాం, ఆ అధికారం ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవాలి.

ఇక ఫైర్‌వాల్. బయటినుంచి ఎవరైనా మన కంప్యూటర్‌లోకి అడగకుండా రాబోతే ఆపడం దాని పని. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు (తనంతట తనే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకే వైరస్) వచ్చినప్పుడు, విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నా ఆన్‌లో ఉండేది కాదు. మోడెమ్‌తో నేరుగా నెట్‌కి తగిలించిన కంప్యూటర్ ఎవరూ ఏదీ క్లిక్ చెయ్యకుండానే అంటుకునేది. 2004లో సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆన్ చేసే ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో జోన్‌అలార్మ్ లాంటి ఫైర్‌వాల్స్ విడిగా వేసుకోవడానికి అర్థం ఉండేది. ఇప్పుడు మీ ఇంట్లో ఫైబర్ డబ్బా (రౌటర్) ముందే అడ్డంగా ఉంది, దాని వెనక విండోస్ ఫైర్‌వాల్ ఉంది. మూడోది అక్కర్లేదు. అది ప్రతి ప్రోగ్రాంకీ ‘అనుమతించాలా’ అని అడుగుతుంది, రెండో రోజునుంచి చదవకుండానే అవునని నొక్కేస్తారు. నువ్వు చెయ్యాల్సింది ఫైబర్ డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. కనెక్షన్ ఇచ్చినప్పుడు పెట్టినదే చాలా ఇళ్లలో ఏళ్లతరబడి ఉంటుంది. వైఫైకి కలిసినప్పుడు విండోస్‌లో ‘పబ్లిక్’ అనే ఉంచు, ఇంట్లో ప్రింటర్ పంచుకుంటే తప్ప ‘ప్రైవేట్’ అక్కర్లేదు.

నీ ఇంటికి అసలు బెడద ఎక్కడుందో నాకు తెలుసు. మీ మామగారు పెన్షన్ కాగితాల ప్రింట్లకి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని జిరాక్స్ షాపుకి వెళ్తారు. అక్కడ రోజూ ఊరందరి పెన్‌డ్రైవ్‌లూ అదే కంప్యూటర్‌కి పెడతారు. ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్ల పేర్లు అవే ఉంటాయి. కానీ బాగా చూడు, బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, సైజు ఒకటి రెండు కేబీ చూపిస్తుంది. అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. అసలు ఫోల్డర్ని దాచేసి దాని పేరు తను పెట్టుకుంది. నొక్కితే పురుగునీ నడుపుతుంది, అసలు ఫోల్డర్నీ తెరుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అలా కనిపిస్తే ఏదీ నొక్కకుండా పెన్‌డ్రైవ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చెయ్యి. స్కాన్ అయ్యాక పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపించి గుండె గుభేల్‌మంటుంది. ఫార్మాట్ చెయ్యొద్దు. ఫైళ్లు దాగి ఉన్నాయంతే. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ దగ్గర టిక్ తీసేస్తే కనిపిస్తాయి, కంప్యూటర్లోకి కాపీ చేసుకో. ఇకనుంచి ఆయనకి జిరాక్స్ షాపు కోసమే ఒక పాత పెన్‌డ్రైవ్ ఇవ్వు, అందులో ప్రింట్ తీయాల్సినవి తప్ప ఇంకేమీ ఉండకూడదు.

అక్కడే ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ చూపించమని కూడా పెట్టు. లేకపోతే ‘కరెంటు బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అని వచ్చిన ప్రోగ్రాం ఫైలు ‘కరెంటు బిల్లు.పీడీఎఫ్’ అనే కనిపిస్తుంది.

మీ మామగారి స్క్రీన్ కింద మూలన ‘మీ యాంటీవైరస్ గడువు ముగిసింది’ అని మాటిమాటికీ వస్తోందన్నావు. అది యాంటీవైరస్ పంపింది కాకపోవచ్చు. ఏదో సైటు నోటిఫికేషన్లకి అనుమతి అడిగితే ఆయన సరేనని నొక్కి ఉంటారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ సైటు పేరు తీసెయ్యి. తెర నిండా ఎర్రగా వచ్చి, సైరన్ మోగిస్తూ ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యమంటే మాత్రం ఫోన్ చెయ్యనివ్వకు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ని మూసేస్తే చాలు. దూరం నుంచే మన కంప్యూటర్ని నడిపించే ఎనీడెస్క్ లాంటిది వేయమని ఎవరైనా ఫోన్లో అడిగితే అక్కడే పెట్టెయ్యమను. ఒకవేళ డబ్బు పోతే, ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి.

ఆయనకీ పిల్లలకీ అడ్మిన్ కాని ఖాతాలు చేసిపెట్టు. ఫోటోలూ అల్లుడి పని ఫైళ్లూ వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టు. తగిలించే ఉంచితే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దానికి కూడా తాళం వేస్తుంది.

షాపతను సీలు తియ్యని డబ్బా వెనక్కి తీసుకోవచ్చు, ఈవారంలోనే బిల్లు పట్టుకెళ్లి అడుగు. డబ్బు ఇవ్వనంటే దానికి బదులు ఆ హార్డ్‌డిస్క్ ఇమ్మను.

మీ
చిన్న మావయ్య