జిల్లా సెంటర్‌లో కొత్తగా చేరిన సైకాలజిస్టుకు

అమ్మా శ్రావణీ,

ఉద్యోగంలో చేరానని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. చాలా సంతోషం. జిల్లా ఆసుపత్రిలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ అంటే నువ్వు ట్రైనింగ్‌లో చూసిన ఏసీ క్లినిక్‌లా ఉండదు. అంగన్‌వాడీల నుంచి, బడుల నుంచి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందాలు రాసి పంపిన పిల్లలు వస్తారు. వాళ్ళ అమ్మానాన్నలు ఆ రోజు కూలి మానుకుని, మొదటి బస్సెక్కి వస్తారు. మళ్ళీ వారం రమ్మంటే తలూపుతారు గానీ అందరూ రాలేరు. అందుకే ఏ పరీక్ష చేసినా, ఏ రిసెర్చ్ పేపరు చదివినా ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకో. దీనివల్ల రేపు పొద్దున ఆ ఇంట్లో ఏం మారుతుంది? ఆటిజం అనుమానంతో వచ్చే పిల్లల గురించి మిగతాదంతా ఈ ప్రశ్న చుట్టూనే రాస్తున్నాను.

ముందు చెవుల సంగతి. మాటలు రాలేదని తెచ్చిన పిల్లవాడికి వినికిడి పరీక్ష కాకముందే ఆటిజం అన్న మాట అనకు. "బాగా వినపడుతుంది మేడమ్, టీవీలో యాడ్ వస్తే పరుగెత్తుకొస్తాడు" అంటారు. కొట్టిపారేయకు, కానీ బెరా, అంటే శబ్దానికి మెదడు స్పందనను కొలిచే వినికిడి పరీక్ష, చేయించు. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అని కూడా నువ్వే అడుగు. అడగనిదే చాలామంది చెప్పరు. 2018లో వచ్చిన ఇన్‌క్లెన్ అధ్యయనం నీకు గుర్తుండే ఉంటుంది. దేశంలో అయిదు చోట్ల, అందులో మన హైదరాబాద్ ఒకటి, 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్ని చూస్తే దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఏదో ఒక ఎదుగుదల సమస్య కనిపించింది. వాళ్ళు వెతికిన తొమ్మిది సమస్యల్లో ఆటిజం ఒకటి మాత్రమే. ఆటిజం కోసమే చూస్తూ కూర్చుంటే పక్కనున్న మూర్ఛ, వినికిడి లోపం కంట పడవు.

ఆటిజం అనుమానాన్ని ముందుగా పట్టడానికి తల్లిదండ్రుల్ని అడిగే ఎమ్-చాట్ చాలా చోట్ల టిక్కులు పెట్టే కాగితమైపోయింది. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం చేసిన 20 ప్రశ్నలవి. 2 దాకా వస్తే అప్పటికి పరవాలేదు. 8, ఆపైన వస్తే నేరుగా పూర్తి పరీక్షకు పంపాలి. నీ నైపుణ్యం బయటపడేది 3 నుంచి 7 మధ్య వచ్చిన పిల్లల దగ్గర. అక్కడ తల్లితో మళ్ళీ కూర్చుని ఒక్కో జవాబూ తరచి అడగాలి. వేలితో చూపిస్తాడా అంటే "ఆ, చూపిస్తాడు" అంటుంది. ఎలా చూపిస్తాడో చెప్పమ్మా అని అడుగు. తన చెయ్యి పట్టుకుని బిస్కెట్ల డబ్బా దాకా లాక్కుపోతాడని చెబుతుంది. అది కావలసిన వస్తువు కోసం అమ్మ చేతిని వాడుకోవడం. మనం వెతికేది వేరు. రోడ్డు మీద గేదెనో, ఆకాశంలో విమానాన్నో చూసి వేలు చాపి, వెంటనే అమ్మ మొహంలోకి తిరిగి "నువ్వూ చూశావా" అన్నట్టు చూడటం. తనకేమీ అక్కర్లేకపోయినా చూసింది పంచుకోవడం. ఈ తేడా నీకు కంటితో పట్టుబడితే సగం పని అయినట్టే.

పరీక్షకు టేబులూ కుర్చీ వద్దు. చాప వేసుకుని కింద కూర్చో. సబ్బు బుడగల సీసా ఒకటి, కీ ఇస్తే కదిలే బొమ్మ ఒకటి, లోపలిది బయటికి కనపడే ప్లాస్టిక్ డబ్బాలో కాసిని బొరుగులు ఉంటే చాలు. రెండుసార్లు బుడగలు ఊది, మూత గట్టిగా బిగించి సీసా వాడి చేతికివ్వు. ఇక నోరు మెదపకుండా కూర్చో. ఒక పిల్లవాడు సీసాను నీ చేతిలో పెట్టి నీ కళ్ళలోకి చూస్తాడు. ఒకడు నీ మొహం వంక చూడకుండా నీ వేళ్ళు తీసుకెళ్ళి మూత మీద పెడతాడు. ఇంకొకడు సీసా వదిలేసి ఫ్యాను రెక్కల్ని చూస్తూ ఉండిపోతాడు. ఈలోపు తల్లి ఆగలేక మూత తీసి ఇచ్చేస్తుంది. ఆమెను ఏమీ అనకు, నోట్‌బుక్‌లో రాసుకో. ఆలస్యమైతే వాడు తల నేలకేసి కొట్టుకుంటాడని ఆమెకు తెలుసు. ఇంట్లో వాడు అడగకముందే అన్నీ అందుతున్నాయన్నమాట. నువ్వు చెప్పబోయే సలహా ఆ మూత దగ్గరే మొదలవుతుంది.

ఆటిజం ఎంత తీవ్రంగా ఉందో తేల్చే స్కోరు కోసం ఐసా ఉంది కదా. మన సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్ సంస్థలో తయారైన స్కేలు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. 70, ఆపైన వస్తే ఆటిజం కిందికి వస్తుంది. 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. వైకల్య సర్టిఫికెట్‌కు అది కావాలి, జాగ్రత్తగా వేయి. అయితే ఒక ప్రవర్తన ఎంత తరచుగా కనిపిస్తుందన్నదాన్ని బట్టి మార్కు వేయాలి గనుక, ఒక్కసారి చూసి వేసిన అంకె తల్లి చెప్పినదానితో కలవకపోతే తొందరపడి మూసెయ్యకు. కొత్త చోట, బస్సు ప్రయాణం తర్వాత, ఆకలితో ఉన్న పిల్లవాణ్ణి కదా నువ్వు చూసింది. ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. బుద్ధిగా, బొమ్మలు వరుసగా పేర్చుకుంటూ కూర్చుంటే "సిగ్గరి పిల్ల" అని వదిలేస్తారు. బళ్ళో పక్క పిల్లల్ని చూసి అనుకరిస్తూ ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చే అమ్మాయిలుంటారు.

ఇక చెప్పే రోజు. తండ్రినీ, వీలైతే నాయనమ్మనో అమ్మమ్మనో కూడా కూర్చోబెట్టు. తల్లి ఒక్కదానికే చెప్పి పంపితే, ఇంటికెళ్ళాక ఆమె డాక్టరు పాత్ర వేయాలి, ముద్దాయి పాత్రా వేయాలి. "కొంచెం ఆటిజం లక్షణాలున్నట్టున్నాయి" అని నసగకు. ఉంటే ఉందని చెప్పు. తెలియకపోతే ఆరు నెలలాగి మళ్ళీ చూద్దామను, అయితే ఆ ఆరు నెలలూ ఇంట్లో ఏం చేయాలో అప్పుడే నేర్పి పంపు. అధికారికంగా పేరు పెట్టేదాకా సాయం ఆగాలని ఏ పరిశోధనా చెప్పలేదు. "తగ్గుతుందా?" అని అడుగుతారు. ఇది వచ్చి పోయే జబ్బు కాదని, వీడి మెదడు పనిచేసే తీరే అదని, నేర్చుకుంటాడని, ఎంత దూరం వెళ్తాడో ఇప్పుడే చెప్పలేమని చెప్పు. అంతకన్నా తియ్యగా చెప్పేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు.

తర్వాత నేరం ఎవరిదన్న మాట వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఫోన్ చూసిందనీ, ఉద్యోగానికి వెళ్ళిందనీ, వాళ్ళ వైపే ఇలాంటివి ఉన్నాయనీ. ఇది కొత్తేమీ కాదు. 1943లో డాక్టర్ లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే తల్లి ప్రేమ చాలకే ఇలా అయ్యారని అన్నారు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో, కనీసం ఒకరికి ఆటిజం ఉన్న 21 కవల జంటల్ని చూశారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో 4 జంటలకు ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల కవలలు 10 జంటల్లో ఒక్క జంటకూ అలా లేదు. పెంపకం ఒకటే, తల్లి ఒకతే, తేడా జన్యువుల్లో ఉంది. చిన్న అధ్యయనమే, తర్వాత పెద్దవి ఎన్నో వచ్చాయి గానీ, అత్తగారికి చెప్పడానికి ఇంతకన్నా తేలికైనది నాకు దొరకలేదు.

టీకాల మాట వస్తే డెన్మార్క్ 2019లో 6,57,461 మంది పిల్లల లెక్క చూసిందనీ, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాకీ ఆటిజానికీ సంబంధం కనపడలేదనీ చెప్పు. ఈమధ్య "నేను జ్వరానికి పారాసిటమాల్ వేసుకున్నాను మేడమ్" అని ఏడ్చే తల్లులు కూడా వస్తున్నారు. 2024లో స్వీడన్ వాళ్ళు దాదాపు 25 లక్షల మంది పిల్లల్ని చూసి, ఒకే తల్లి బిడ్డల్ని పోల్చినప్పుడు ఆ సంబంధం నిలవలేదని తేల్చారు. "వర్చువల్ ఆటిజం" అన్న పేరు ఏ నిర్ధారణ పుస్తకంలోనూ లేదు. ఫోన్ తగ్గించమని చెప్పు, మంచిదే, కానీ ఫోన్ ఆపితే ఆటిజం పోతుందని మాత్రం అనకు.

అసలు పని ఇక్కడే ఉంది. మన ప్రాంతానికి పనికొచ్చే పరిశోధన అంటే నాకు మొదట గుర్తొచ్చేది 2016లో వచ్చిన పాస్ ట్రయల్. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లల మీద చేశారు. అంతకుముందు బ్రిటన్‌లో నిపుణులు చేసిన పద్ధతిని ఇక్కడ నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు నేర్పి, ఇళ్ళకు పంపారు. చేసిందల్లా తల్లీ బిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీసి, ఆ వీడియోను తల్లితో కలిసి చూడటం. తల్లిదండ్రులు బిడ్డ దృష్టి ఎటుంటే అటు తాము వెళ్ళడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్నీ పెరిగాయనుకోకు. ఇద్దరూ కలిసి ఒకే దానిపై దృష్టి నిలపడం పెరగకపోగా తగ్గింది. చిన్న ట్రయల్. అయినా చాపా, ఫోనూ ఉంటే మీ సెంటర్‌లో చేయగలిగింది అది.

కాబట్టి వీడియో తల్లి ఫోన్‌లోనే తీయి. ఆమె తప్పులు చూపించడానికి కాదు, ఆమె ఆగిన చోటా, బిడ్డ తిరిగి చూసిన చోటా ఆపి చూపించు. మనవాళ్ళకు బిడ్డతో ఆట అంటే పరీక్ష పెట్టడమే. "ఇదేంటి? చెప్పు. ఏ రంగు? చెప్పు చెప్పు." వాడు కారు చక్రం తిప్పుతుంటే పక్కన కూర్చుని "గిర్రున తిరుగుతోంది" అని ఊరుకోమను. పాలగ్లాసు చేతికిచ్చే ముందు మనసులో పది దాకా లెక్కపెట్టమను. చూసినా, చెయ్యి చాపినా, "ఊ" అన్నా వెంటనే ఇవ్వాలి. పూర్తి మాట వచ్చేదాకా ఏడిపించకూడదు. బొమ్మ కార్డులతో అడగడం నేర్పితే మాటలు రావని భయపడతారు. అలాంటిదేమీ లేదు, చాలామందిలో మాట పెరిగిందే గానీ తగ్గలేదు.

తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమని ఎవరో చెబితే "కమ్, సిట్, ఈట్" తప్ప ఇంకేమీ అనలేని తల్లులు నీ ముందుకు వస్తారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకు అదనపు నష్టం లేదని ఒకటికి రెండు దేశాల్లో తేలింది. అమ్మ దేనిలో పోట్లాడుతుందో, లాలిస్తుందో ఆ భాషలోనే మాట్లాడమను.

గంటల వ్యాపారం గురించి. వారానికి 40 గంటలు థెరపీ ఉండాలన్న లెక్క 1987లో లోవాస్ రాసిన పేపరు నుంచి వచ్చింది. 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు పిల్లల్లా అయ్యారన్నాడాయన. పిల్లల్ని లాటరీ వేసి విడదీయలేదు, శిక్షలూ వాడారు. ఆ అంకె పట్టుకుని అర ఎకరం అమ్మించిన సెంటర్లు ఉన్నాయి. స్పీచ్ థెరపీ, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ) దొరికితే వెళ్ళమను, కానీ ఆ గంటలో నేర్పింది ఇంట్లో ఎలా చేయాలో చూపించని థెరపిస్టుకు డబ్బు కట్టొద్దని మొహమాటం లేకుండా చెప్పు.

మూలకణాల ఇంజెక్షన్ గురించి తప్పకుండా అడుగుతారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మిగతావాటికి అది అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలి, ట్రయల్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. జాతీయ వైద్య కమిషన్ కూడా ఆటిజానికి వద్దనే చెప్పింది. పాలు, గోధుమలు మాన్పించే డైట్‌కూ గట్టి ఆధారం లేదు. అసలే రెండు మూడు పదార్థాలు తప్ప ముట్టని పిల్లవాడికి పెరుగన్నం కూడా తీసేస్తే ఏం తింటాడు? కానీ వెళ్ళిన వాళ్ళను కసరకు. చేతికి ఏ పనీ ఇవ్వకుండా పేరు మాత్రం పెట్టి పంపితేనే వాళ్ళు అటు పోతారు.

కాగితాల పని గుమాస్తాది అనుకోకు. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు, 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా సదుపాయాలు వర్తిస్తాయి. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా, అది ఏడాదికి లక్ష దాకా, ఆపైన మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం ఎక్కడుందో, టీచరు ఎవరో. ఈ వివరాలు తెలుగులో ఒక పేజీ వేయించి, చూసిన ప్రతి కుటుంబానికీ ఇవ్వు. పెద్ద పిల్లల తల్లిదండ్రులకు బిడ్డకు 18 నిండాక గార్డియన్‌షిప్, అంటే వాడి తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టపరమైన అధికారం, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ దగ్గర తీసుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. అందరికీ అవసరం లేదు. తన నిర్ణయాలు తను తీసుకోగలిగే కుర్రాడికి దాన్ని అంటగట్టొద్దు.

నీ రిపోర్టు ఫార్మాట్ ఒకటి తయారు చేసి పంపు. స్కోర్లు వెనక పేజీలో పెట్టు. ముందు పేజీలో బిడ్డకు ఇష్టమైనవి, వాడు ఇప్పుడు ఎలా అడుగుతున్నాడు, ఈ నెలలో ఇంట్లో చేయాల్సిన రెండే రెండు పనులు, మళ్ళీ వచ్చే తేదీ, నీ ఫోన్ నంబరు తెలుగులో ఉండాలి. అంగన్‌వాడీ టీచరు చదివి ఆ తల్లికి చెప్పగలిగేంత తేలిగ్గా రాయి. ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను, మునుపటిలా అలగకు.

ఆశీస్సులతో,
మీ మేడమ్