తొమ్మిది ముడుల చెక్క నేల

క్యాడ్ డ్రాయింగ్‌ని (కంప్యూటర్‌లో గీసిన ప్లాన్‌ని) రెండర్ చేయడానికి, అంటే ఫొటోలాంటి బొమ్మగా మార్చడానికి, చెక్క, రాయి, టైల్ టెక్స్చర్లు (నేల మీద, గోడ మీద పరిచే బొమ్మలు) ఎలా ఎంచుకోవాలి, 4కె (అడ్డంగా సుమారు నాలుగు వేల పిక్సెళ్లు) చాలా లేక 8కె కావాలా అని అడిగారు. ఇంటీరియర్ రెండర్లు చేసి బతికేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆ 'కె' గొడవ కాసేపు పక్కన పెట్టండి. ముందు చూడాల్సింది ఒక్కటే: ఆ బొమ్మలో ఉన్నది అసలు ఎన్ని అడుగుల నేల?

ఈ సంగతి నాకు ఏ ట్యుటోరియల్లోనూ దొరకలేదు. ఓ క్లయింటు తండ్రిగారు పరువు తీస్తే తెలిసింది.

24 అడుగుల హాలు, చెక్క ఫ్లోరింగ్. నా దగ్గరున్న టెక్స్చర్ రంగు అద్భుతం, పైగా 8కె. కానీ అందులో ఉన్నవి మూడే పలకలు, ఒక్కోటి ఆరంగుళాలు. అంటే మొత్తం అడుగున్నర. అసలు కొలతకి పెడితే అదే ముక్క పదే పదే వచ్చి హాలంతా చదరంగం బల్లలా తయారైంది. సరేలే అని స్కేల్ నాలుగు రెట్లు పెంచేశాను. గళ్లు మాయం. నా కళ్లకి బ్రహ్మాండంగా ఉంది, పంపేశాను.

మర్నాడు తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. పెద్దాయన జీవితమంతా వడ్రంగం చేసిన మనిషని నాకు తెలీదు. కళ్లజోడు సర్దుకుని మానిటర్ దగ్గరికి జరిగారు.

"బాబూ, ఈ తలుపు వెడల్పెంత?"

"మూడడుగులండీ."

తలుపు కింద వేలు పెట్టి ఆ చివరి దాకా జరిపారు. సరిగ్గా ఒకటిన్నర పలక. "అంటే పలక రెండడుగులు. దీనికి ఏ చెట్టు కొట్టిస్తావు?" అన్నారు. కొడుకు నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. పెద్దాయన అక్కడితో వదల్లేదు. ఓ పలకలో కన్నులాంటి ముడి ఉంది. దాని మీద వేలు పెట్టి "ఒకటి" అన్నారు. కాస్త అవతల "రెండు". అలా తొమ్మిది దాకా లెక్కపెట్టి, "అన్నీ కవలలేనా?" అని అడిగారు.

తిరకాసు ఇక్కడే ఉంది. స్కేల్ పెంచితే ముడులు తగ్గుతాయి, పలక లావెక్కుతుంది. తగ్గిస్తే పలక సరిపోతుంది, ముడులు పుట్టుకొస్తాయి. చిన్న ముక్కతో ఎటు జరిగినా దొరికిపోతాం. అందుకే మూడు మీటర్ల మేర రకరకాల పలకలున్న 4కె బొమ్మ, అడుగున్నర 8కె బొమ్మ కన్నా వంద రెట్లు మేలంటాను. 1920 పిక్సెళ్ల రెండర్‌లో 24 అడుగుల గోడ ఈ చివర నుంచి ఆ చివరకి పడితే ఒక్కో పిక్సెల్ దాదాపు 4 మిల్లీమీటర్లు. నా టెక్స్చర్‌లో మిల్లీమీటరుకి 18 పిక్సెళ్లున్నాయి. ఎవరికి చూపిద్దామని? 8కె బొమ్మ మెమరీలో విప్పుకుంటే ఒక్కటే 256 ఎంబీ, పైగా దాని వెనకాలే నార్మల్ (ఎగుడుదిగుళ్లు చూపేది), రఫ్‌నెస్ (నునుపూ గరుకూ చూపేది) అంటూ తోబుట్టువులు.

ముడి, మచ్చ, పగులు కొట్టొచ్చినట్టు కనిపించే టెక్స్చర్‌ని ఇప్పుడు నేను ముట్టుకోను. థంబ్‌నెయిల్‌లో మనసు లాగేసేది అదే, నేలంతా పరిచాక నవ్వులపాలు చేసేదీ అదే. దించుకోగానే అటు ఐదు, ఇటు ఐదు పరిచి, కళ్లు చికిలించి దూరం నుంచి చూడండి. ఒక మూల వెలుతురు, ఇంకో మూల నీడ ఉన్న ఫొటో అయితే అప్పుడే బయటపడుతుంది. ఆటోక్యాడ్‌లో హ్యాచ్ (ఖాళీని గీతలతో నింపడం) స్కేల్ తప్పితే గీతలన్నీ కలిసి నల్లముద్దవుతాయి, వెంటనే సరిచేస్తాం. రెండర్ దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోతుందో!

మీరు అడగలేదు గానీ, మెరుపు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రెండర్ అంటే సిమెంటు గోడ కూడా అద్దంలా మెరవాలనుకునేవాళ్లు ఎక్కువైపోయారు. తెల్ల గోడకి 255 తెలుపు, అంటే కంప్యూటర్‌లో ఉన్నంతలో పూర్తి తెలుపు, పెట్టేస్తారు. కొత్తగా పడిన మంచే తన మీద పడ్డ వెలుగంతా తిరిగివ్వదు, మన సున్నం గోడ ఎంత? నేను 230 దాటను. రఫ్‌నెస్, నార్మల్ మ్యాపుల్ని నాన్-కలర్‌గా (ఇవి రంగులు కాదు, అంకెలు అని) పెట్టకుండా రంగు బొమ్మల్లా చదివించి, ఆ తర్వాత లైటింగ్‌ని తిడుతూ కూర్చునేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఎక్కడ దొరుకుతాయంటే, పాలీ హేవెన్, యాంబియంట్‌సీజీ అనే సైట్లు చాలు. రెండూ ఉచితం, సీసీ0 (హక్కులన్నీ వదులుకున్న లైసెన్సు) కాబట్టి క్లయింటు పనికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. పాలీ హేవెన్‌లో ఆ ముక్క ఎన్ని మీటర్లదో కూడా రాసి ఉంటుంది. ముందు అది చదవండి.

పెద్దాయన వారం తర్వాత మళ్లీ వచ్చారు. ఈసారి నేల వైపు చూసి ఏమీ అనలేదు. హమ్మయ్య అనుకునేలోపు వేలు తలుపు ఫ్రేమ్ మీదికి పోయింది. "నిలువు కమ్మీలో చెక్క గీతలు అడ్డంగా ఉన్నాయేంటి బాబూ?"