పెట్టొచ్చు, కానీ ఆ మిడత ఏ నేల మీద తిరిగిందో మీకు తెలిసుండాలి

మీ ఏడు నెలల ఆడ వీల్డ్ ఊసరవెల్లి పది రోజులుగా క్రికెట్లను (మేతగా కొనే కీచురాళ్లను) చూస్తే మొహం తిప్పేస్తోందని, పెరట్లో మిడతలు బోలెడున్నాయి కాబట్టి పట్టి పెట్టొచ్చా అని అడిగారు.

తొమ్మిదేళ్లుగా వీల్డ్, పాంథర్ రకాల ఊసరవెల్లులు పెంచుతున్నాను. బయట పట్టిన పురుగులు మొదటి నుంచీ పెడుతున్నాను, ఇప్పటికీ మానలేదు. కానీ ఒకసారి దానివల్లే ఒక మగ పాంథర్ నా చేతుల్లోనే పోవాల్సింది. ముందు అది చెబుతాను.

ఒక సాయంత్రం కంచె పక్కన మూడు మిడతలు దొరికాయి. మామూలుగా మిడతను పట్టాలంటే పది నిమిషాలు దాని వెంట గెంతాలి. ఆ రోజు చేయి చాపగానే చిక్కాయి. ఇవాళ అదృష్టం బాగుందనుకుని మూడూ పెట్టేశాను. రెండు గంటల తర్వాత చూస్తే కొమ్మను పట్టుకున్న ముందు కాలు వణుకుతోంది. వేళ్లు బిగుసుకోవడం, వదిలేయడం, మళ్లీ బిగుసుకోవడం. నోటి చివర నురగ. ఒళ్లంతా నల్లబడింది. అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. పురుగుమందు లక్షణాలే అని చెప్పి అట్రోపిన్ ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కించారు. మళ్లీ నాలుక చాపి సొంతంగా తినడానికి పన్నెండు రోజులు పట్టింది. పక్కింట్లో రెండు రోజుల ముందు మొక్కలకు మందు కొట్టారని తర్వాత తెలిసింది. ఆ మిడతలు అంత తేలిగ్గా దొరికింది మందు తిని సగం చచ్చి ఉండబట్టే.

అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క. ఏ పురుగు అన్నది తర్వాత, ఏ చోటు అన్నది ముందు. ఆ సీజన్‌లో మందు పడలేదని నాకు ఖాయంగా తెలిసిన చోటే పడతాను. మీరు కొట్టకపోతే సరిపోదు, మిడత కంచె దాటి వస్తుంది కాబట్టి చుట్టుపక్కల వాళ్లనూ అడగాలి. కొన్ని మందులు ఆకు లోపలికే ఇంకిపోతాయి, వాన పడ్డా పోవు. దోమల పొగ వదిలిన రోజుల్లో అసలు పట్టకండి. ఇంట్లో తిరిగే బొద్దింకలు, ఈగలు ఎప్పటికీ వద్దు, అవి ఎక్కడ ఏ మందు తిని వచ్చాయో ఎవరికీ తెలియదు.

ఇక పురుగుల్లో నేను గట్టిగా వద్దనేది మిణుగురు. అమెరికాలో ఉండే ఫోటైనస్ జాతి మిణుగురుల ఒంట్లో కప్పల విషానికి దగ్గరి విషం ఉంటుంది. పెంపుడు బల్లులు వాటిని తిని చనిపోయిన కేసులు పశువైద్యులు నమోదు చేశారు. బియర్డెడ్ డ్రాగన్ అంత బల్లిని చంపడానికి ఒక్కటి చాలు. ఏ మిణుగురు ఏ జాతో చూసి చెప్పడం మన వల్ల కాదు, కాబట్టి ఏదీ వద్దు. రాత్రి లైటు కింద పురుగులు పట్టేవాళ్లు ప్రతి పురుగునూ తిప్పి చూసుకోవాలి.

జిల్లేడు మీద బతికే మిడతలు, గొంగళి పురుగులు ఆ మొక్క విషాన్నే ఒంట్లో దాచుకుంటాయి. ఎర్రగా, పసుపుగా మెరుస్తూ, మనం దగ్గరికి వెళ్లినా తాపీగా నడిచే పురుగు ఏదైనా సరే అనుమానించండి. దానికి పారిపోవాల్సిన అవసరం లేదంటే కారణం ఉంటుంది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే పెంకుపురుగులు, వెంట్రుకల గొంగళ్లు, కంపు కొట్టేవి, కుట్టేవి అన్నీ పక్కన పెట్టేయండి. అప్పుడు మిగిలేవి పచ్చ మిడతలు, గొల్లభామలు, నున్నటి ఒళ్లున్న పుల్లపురుగులు. నాకవి చాలు. సైజు తల వెడల్పు కంటే పెద్దది కాకూడదు.

పట్టగానే పెట్టకండి. నేను జాలీ డబ్బాలో వేసి, నాకు తెలిసిన ఆకుకూరే పెట్టి రెండు రోజులు చూస్తాను. ఒక్కటి చచ్చినా ఆ డబ్బా మొత్తం వదిలేస్తాను. ఇది కొంచెం అతి అని కొందరంటారు, ఆ వణికే వేళ్లు చూసిన తర్వాత నాకైతే అనిపించదు.

నులిపురుగుల భయం మాత్రం రెండు రోజులు ఆపినా పోదు. కొన్ని రకాలు మిడతల్లో, పెంకుపురుగుల్లో కొంతకాలం పెరిగి, వాటిని తిన్న జంతువులోకి చేరతాయి. అందుకే ఆరు నెలలకోసారి తాజా రెట్ట పరీక్ష చేయిస్తాను. కొన్న క్రికెట్లతోనూ ఇలాంటివి రావచ్చు కాబట్టి ఈ పరీక్ష ఎలాగూ చేయించాలి. బయటి పురుగు కదా అని కాల్షియం పొడి చల్లడం మానేయకండి. మిడతలోనూ ఫాస్ఫరస్సే ఎక్కువ, కాల్షియం తక్కువ.

అయితే మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పుట్టించింది మిడత కాదు. ఏడు నెలల ఆడ వీల్డ్ తిండి మానేసిందంటే గుడ్లతో ఉందేమో ముందు చూడాలి. మగది లేకపోయినా అవి గుడ్లు పెడతాయి. పొట్ట పక్కలకు ఉబ్బిందా, ఎప్పుడూ పైకొమ్మ మీద ఉండేది ఇప్పుడు కింద తిరుగుతూ తవ్వుతోందా చూడండి. అలా ఉంటే ఇవాళే ఒక లోతైన డబ్బాలో అడుగు ఎత్తున తడి ఇసుక నింపి కేజ్‌లో పెట్టండి. ఇసుకలో తవ్విన గుంత కూలిపోనంత తడి ఉంటే చాలు. తవ్వేటప్పుడు మిమ్మల్ని చూస్తే మధ్యలో ఆపేస్తుంది, కాబట్టి కేజ్‌కి గుడ్డ కప్పండి. పగటిపూట కళ్లు మూసుకుని కింద పడుకుంటే మాత్రం ఇసుక కోసం, మిడతల కోసం ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.