తమ్ముడి చేనుకు కావలి: ఒక్క కంప్యూటర్‌లో రెండు అకౌంట్లు

ప్రశ్న: నేను, తమ్ముడు ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ మీదే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడేవాళ్లం. అకౌంట్లు ఎవరివి వాళ్లవే. జూన్‌లో వాడు గురుకులంలో చేరి హాస్టల్‌కు పోయాడు. పోయేముందు ఆటలో తన చేను చూసుకోమని చెప్పి పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాడు. నేను దూరంగా గనుల్లోకి పోతే వాడి పంట అక్కడే ఆగిపోతోంది. రెండు అకౌంట్లూ ఒకేసారి తెరిచి వాడిని చేను దగ్గర నిలబెట్టాలని చూస్తే కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ర్యామ్ 8 జీబీ, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. ఏం చేయాలి?
– పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మన దగ్గర జొన్నచేను గింజ పట్టే వేళకు మంచె మీద ఒక మనిషి ఉండాల్సిందే కదా, ఈ ఆటలోనూ అంతే. ఆటగాడి చుట్టూ కొంత దూరం వరకే లోకం కదులుతుంది. 16 గడుల పొడవు, 16 గడుల వెడల్పు ఉన్న ముక్కను చంక్ అంటారు, నీ చుట్టూ ఎన్ని చంక్‌లు నడవాలో సిమ్యులేషన్ డిస్టెన్స్ అనే సెట్టింగ్ చెబుతుంది. ఆ హద్దు దాటి గనిలోకి పోయావంటే వెనక గోధుమ ఎక్కడిదక్కడే ఉంటుంది. కాబట్టి రెండో ఆటగాడిని చేనులో నిలబెట్టాలన్న నీ ఆలోచన సరైనదే, నీ సొంత లోకంలో అది తప్పు కూడా కాదు. వేరేవాళ్ల సర్వర్‌లో మాత్రం ముందు నియమాలు చదువు, ఒక మనిషి రెండు ఐడీలతో రావడాన్ని, ఊరికే నిలబడి ఉండడాన్ని చాలా సర్వర్లు ఒప్పుకోవు.

ఇప్పుడు పని. నీ అకౌంట్‌తో లోకం తెరిచి, ఎస్కేప్ నొక్కి ఓపెన్ టు ల్యాన్ పెట్టు, అప్పుడే రెండో ఆటగాడు నీ లోకంలోకి రాగలడు. తర్వాత ఆటను తెరిచే లాంచర్‌లో అకౌంట్ మార్చి మళ్లీ ప్లే నొక్కితే, ఆట ఇప్పటికే నడుస్తోందని హెచ్చరిక వస్తుంది. దానికి భయపడకు, కానీ రెండూ ఒకే ఫోల్డర్‌ను వాడకుండా ఇన్‌స్టలేషన్స్‌లో రెండోదానికి వేరే గేమ్ డైరెక్టరీ ఇచ్చుకో. అది తెరుచుకున్నాక మల్టీప్లేయర్ జాబితాలో నీ లోకం కనిపిస్తుంది. కిటికీ (విండో) మారగానే పాజ్ మెనూ అడ్డం వస్తుంటే ఎఫ్3 పట్టుకుని పి నొక్కు, ఇక రాదు.

కంప్యూటర్ బిగుసుకుపోవడానికి అసలు కారణం ర్యామ్. విండోస్ దాని వాటా అది తీసుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి బొమ్మకు కావలసింది కూడా ఆ 8 జీబీలోనే పోతుంది, మిగిలినదాంట్లో రెండు ఆటలు సర్దుకోవాలి. క్రోమ్ పూర్తిగా మూసెయ్. ఇన్‌స్టలేషన్స్‌లో మోర్ ఆప్షన్స్ కింద జేవీఎం ఆర్గ్యుమెంట్స్ అనే గడి ఉంటుంది, అందులో మొదట్లోనే జి అక్షరం ముందున్న అంకె ఆ ఆటకిచ్చే జీబీలు. లోకాన్ని నడిపే బరువంతా నీ కిటికీ మీదే ఉంటుంది కాబట్టి దానికి 2 ఉంచి, తమ్ముడిదానికి 1 పెట్టి చూడు. వాడి కిటికీ చిన్నదిగా చేసి, రెండర్ డిస్టెన్స్ బాగా తగ్గించి, ఫ్రేమ్ రేట్ 30 దగ్గర కట్టేయ్. నిలబడి ఉండేవాడికి దూరపు కొండలు కనిపించకపోయినా నష్టం లేదు. తర్వాతెప్పుడైనా డబ్బులు సమకూరితే, మదర్‌బోర్డులో ఖాళీ స్లాట్ ఉందో లేదో చూసి ఇంకో 8 జీబీ వేయించు. రెండు స్లాట్లలో సమానంగా ఉంటే కార్డు లేని కంప్యూటర్లలో ఆట కూడా నున్నగా నడుస్తుంది.

వాడిని ఆరుబయట వదిలేయకు, రాత్రి జాంబీలు చంపేస్తాయి. చేను నడుమ చిన్న గది కట్టి, లోపల దివిటీ పెట్టి నిలబెట్టు. ఇద్దరూ మంచం ఎక్కితేనే తెల్లవారుతుందన్న సంగతి మరిచిపోకు, అయినా నిద్రతో రాత్రి దాటించినంత మాత్రాన పంట పెరగదు. రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో ఉంచే ఆలోచన మాత్రం మానుకో. ఆటలో ఒక రోజంటే మనకు 20 నిమిషాలే, నీటి తడి ఉన్న చేను గంట గంటన్నరలో చాలావరకు కోతకొస్తుంది, పండాక అది ఇంకేం పెరగదు. చేనంతా ఒకే పంట వేయకుండా ఒక సాలు గోధుమ, ఒక సాలు క్యారెట్ వేసి చూడు, త్వరగా ఎదుగుతుంది.

ఇక ఆ కాగితం. వాడు నీ మీద నమ్మకంతో ఇచ్చాడు, నాకు అర్థమైంది. కానీ పాస్‌వర్డ్ చేతులు మారకూడదు, అన్నదమ్ముల మధ్యయినా సరే. దాన్ని చింపేసి, వాడు సెలవులకు వచ్చినప్పుడు వాడి చేత్తోనే లాంచర్‌లో లాగిన్ చేయించు, ఆ తర్వాత లాంచర్ గుర్తుపెట్టుకుంటుంది. ఈ లోపు చేను దగ్గరికి నువ్వే పోయి గంటసేపు కోళ్లు, గోడలు చూసుకుంటూ పని చేసుకో, నీ ఒక్క అకౌంట్‌తోనే పంట వస్తుంది. వాడి పెట్టెలో ఉన్న వజ్రాలు మాత్రం ముట్టుకోకు.

ప్రశ్న: మొబైల్ గేమ్‌లను కంప్యూటర్‌లో నడిపే బ్లూస్టాక్స్‌లో ఒకే గేమ్‌ను రెండు ఐడీలతో ఆడుతున్నాను. రెండో కిటికీ తెరిస్తే చాలా నెమ్మది. ఒకదాంట్లో నొక్కింది రెండోదాంట్లోనూ నొక్కే సింక్ వాడితే ఐడీ పోతుందా?
– పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: ముందు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ చూడండి. వర్చువలైజేషన్ అన్నచోట డిసేబుల్డ్ అని ఉంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేయండి, సగం బాధ అక్కడే తీరుతుంది. సింక్ మాత్రం వద్దంటాను. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో రెండు అకౌంట్లు ఆడనిస్తారు, కానీ ఒక నొక్కును అన్నింటికీ పంపే సాఫ్ట్‌వేర్‌ను 2020 నవంబర్‌లో నిషేధించారు. ఈవ్ ఆన్‌లైన్ అనే గేమ్‌లో 2015 జనవరి నుంచే దాన్ని ఒప్పుకోవడం లేదు, పైగా అందులో ఉచిత అకౌంట్‌ను ఇంకోదానితో కలిపి నడపనివ్వరు. మీ గేమ్ నియమాల్లో ఎమ్యులేటర్ (బ్లూస్టాక్స్ లాంటిది), మల్టిపుల్ అకౌంట్స్ అన్న మాటల కోసం వెతకండి. క్లాష్ ఆఫ్ క్లాన్స్ లాంటిదైతే రెండు కిటికీలే అక్కర్లేదు, సూపర్‌సెల్ ఐడీతో ఒకదాంట్లోనే అకౌంట్లు మార్చుకోవచ్చు.

ప్రశ్న: డబ్బు పెట్టే రమ్మీలో రెండు ఐడీలతో ఒకే టేబుల్ మీద కూర్చోవడం ఎలా?
– పాఠకుడు, జడ్చర్ల

జవాబు: చెప్పను. ఎదుటివాళ్ల ముక్కలకు రెండు చేతులతో గాలం వేయడం మోసం. పైగా తెలంగాణలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఇప్పటికే డబ్బు పోయి, దాన్ని రాబట్టుకోవాలని ఈ దారి వెతుకుతున్నట్టయితే, దయచేసి ఇవాళే ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పండి. మోసపోయానని అనిపిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.