క్విష్ అడుగు తడిగా మిగలకుండా...

ప్రశ్న: రొయ్యలు, పాలకూరతో ఇంట్లో క్విష్ (మైదా పిండి అచ్చులో గుడ్లు, క్రీమ్ పోసి కాల్చే ఫ్రెంచ్ వంటకం) చేస్తే అడుగు పిండి తడిగా, పచ్చిగా ఉంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: లోపలి పదార్థాలు వదిలే నీరే దీనికి ముఖ్య కారణం. కాశిమేడు చేపల రేవు నుంచి అప్పుడే తెచ్చిన రొయ్యలైనా సరే, నల్ల నరం తీసి, ఒక నిమిషం వేయించి, ఊరిన నీటిని పూర్తిగా వార్చాలి. పాలకూరను మగ్గబెట్టి గట్టిగా పిండాలి. 200 గ్రాముల మైదాలో 100 గ్రాముల చల్లని వెన్నను, చెన్నై ఉక్కకు కరిగిపోకముందే, వేళ్ల కొసలతో రవ్వలా నలిపి, చన్నీళ్లతో ముద్దచేసి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. అచ్చులో పరిచిన పిండిపై బేకింగ్ కాగితం వేసి, ఎండు రాజ్మా గింజలు నింపి 190 డిగ్రీల వద్ద 15 నిమిషాలు, గింజలు తీసేశాక మరికాసేపు కాల్చడం ఎంతమాత్రం మానకండి. తరువాత రొయ్యలు, పాలకూర పరిచి, 3 గుడ్లు, 250 మి.లీ. క్రీమ్ గిలకొట్టి పోసి, 170 డిగ్రీల వద్ద కాల్చి, నడిభాగం కాస్త కదులుతుండగానే బయటికి తీయండి. అంతకు మించితే గుడ్డు విరిగి మళ్లీ నీరు విడుస్తుంది.